తార్నాక చుట్టుపక్కల చప్పుడు లేని సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు దొరుకుతుందా?

గోదారి గట్టు | జూన్ 14, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. మాది కొవ్వూరు. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో, అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాను. ఇక నా వల్ల కాదు. నాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు హెడ్‌ఫోన్లలో వింటూ టైపు చేయాలి. ఆయన ఫిఫ్టీన్ మిల్లీగ్రాములు అన్నాడా, ఫిఫ్టీ అన్నాడా తేలక ఒకే ముక్కను ఐదోసారి వెనక్కి తిప్పుతుంటే పక్కగదిలో మిక్సీ మొదలవుతుంది. తప్పు పడితే మాట పడేది నేను.

వారానికి రెండు రోజులు రాయదుర్గం ఆఫీసుకు వెళ్లాలి, మిగతా రోజులు ఇంటి నుంచే. తెల్లవారుజామున నాలుగు నుంచి మధ్యాహ్నం వరకు ఒకసారి, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒకసారి కూర్చుంటాను. మెట్రో బ్లూ లైన్ మీద ఉంటే మేలని తార్నాక, హబ్సిగూడ అనుకుంటున్నాను. మెయింటెనెన్సుతో కలిపి 14,000 వరకు ఇవ్వగలను. ఒక్కదాన్నే ఉంటాను. అమ్మ రెండు నెలలకోసారి వచ్చి వారం ఉండి వెళ్తుంది. ఎక్కడ చూడమంటారు? ఏమేమి చూసుకోవాలి?

వేపచెట్టు నీడ | జూన్ 14, మధ్యాహ్నం 1:05

అమ్మాయీ, ముప్పై ఏళ్లకు పైగా తార్నాకలో ఉంటున్నవాణ్ణి, కాస్త వివరంగా చెబుతాను.

తార్నాక అంటే మెట్రో స్టేషన్ చుట్టూ కనిపించే రద్దీ ఒక్కటే కాదు. ప్రధాన రోడ్డు వదిలి నంబర్ల వీధుల్లోకి నాలుగు మలుపులు తిరిగితే వేరే ఊరిలా ఉంటుంది. ఒక పక్క ఉస్మానియా క్యాంపస్, మరో పక్క ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థల ఆవరణలు. అంత స్థలంలో చెట్లు తప్ప అపార్ట్‌మెంట్లు రాలేదు కాబట్టే ఈ చుట్టుపక్కల ఇంకా కాస్త గాలి ఆడుతోంది. క్యాంపస్ గోడకు దగ్గరి వీధుల్లో ముందుగా వెతుకు.

లాలాగూడ వైపు వెళ్లేకొద్దీ రైల్వే వర్క్‌షాపు, పట్టాలు వస్తాయి. మాకు అలవాటైంది, రైలు కూత వినిపించకపోతేనే నిద్ర పట్టదు. నీ పనికి మాత్రం కుదరదు. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల వైపు కాచిగూడ లైను ఉంది, అక్కడా అంతే.

హబ్సిగూడ బాగుంటుంది. అయితే రామంతాపూర్ వైపు దిగేకొద్దీ పల్లం. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్ చెరువు దిగువ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అటువైపు గ్రౌండ్ ఫ్లోర్ చూస్తే గోడ మీద తడి చార ఎంత ఎత్తు వరకు ఉందో గమనించు. కొత్త సున్నం వేసినా మూలల్లో తెలిసిపోతుంది.

సైనిక్‌పురి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. మాజీ సైనికుల కోసం ఏర్పడిన కాలనీ, నిశ్శబ్దంలో దానికి పోటీ లేదు. కాని మెట్రో లేదు. వారానికి రెండు రోజులు రాయదుర్గం వెళ్లి రావాలంటే నడుం పడిపోతుంది.

లష్కర్ కుర్రాడు | జూన్ 14, మధ్యాహ్నం 2:40

బాబాయ్ గారు పద్మారావునగర్‌ను మరిచిపోయారు. గాంధీ హాస్పిటల్ మెట్రో స్టేషన్ దగ్గర. అది గ్రీన్ లైన్, పరేడ్ గ్రౌండ్‌లో దిగి బ్లూ లైన్‌కు మారాలి, అంతే తేడా. స్కందగిరి గుడి వెనక వీధుల్లో పాత ఇళ్ల పై పోర్షన్లు అద్దెకు దొరుకుతాయి. తెల్లవారుజామున అభిషేకాల సమయంలో గంటలు వినిపిస్తాయి, దానికి సిద్ధపడాలి.

ఇంకో మాట అక్కా. మరో పన్నెండు రోజుల్లో ఆషాఢం వస్తోంది. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు. మే, జూన్‌లలో పిల్లల బడుల కోసం ఎగబడే జనం అప్పటికి తగ్గిపోతారు. ఖాళీగా ఉన్న ఇంటికి ఓనరే ఫోన్ చేసి "ఎంత ఇస్తారు?" అంటాడు. వెయ్యి రెండు వేలు దిగుతుంది. పైగా బోనాలు కూడా అప్పుడే కదా. ఏ వీధిలోకి ఏ గుడి మైకు ఎంత వస్తుందో ఆ నెలలో ఇల్లు చూస్తే దాపరికం లేకుండా తెలిసిపోతుంది.

మీటరు రీడింగు | జూన్ 14, సాయంత్రం 6:15

చప్పుడు సంగతి మిగతావారు చెబుతారు, నేను దెబ్బ తిన్నది కరెంటు మీటరు దగ్గర. ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్ తీసుకున్నాను. "మీకు వేరే మీటరు ఉంది" అన్నారు. ఉన్నది సబ్ మీటరు. అసలు కనెక్షన్ ఒక్కటే, ఇంటివాళ్లదీ మాదీ కలిపి ఒకే బిల్లు.

తేడా ఎంతో చూడండి. నెలకు ఇద్దరమూ 180 యూనిట్ల చొప్పున వాడుకున్నాం. వేరే కనెక్షన్ ఉంటే 200 లోపు శ్లాబులో మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, తరువాతి 80కి 4.80 చొప్పున మొత్తం 724 రూపాయలు. ఒకే కనెక్షన్ మీద 360 యూనిట్లు అయ్యేసరికి మొదటి 200కే 5.10, ఆపై 100కు 7.70, మిగతా 60కి 9 రూపాయలు. మొత్తం 2,330. నా వాటా 1,165. స్థిర ఛార్జీలు దీనికి అదనం. అంటే ఫ్యాను కింద కూర్చున్నందుకు నెలకు 441 రూపాయల జరిమానా. ఇంటాయన మోసం చేశాడని అనను, ఆయనకూ ఈ లెక్క తెలియదు. కాగితం మీద వేసి చూపిస్తే ఆయనే నోరు వెళ్లబెట్టాడు.

ఇల్లు నచ్చితే పాత కరెంటు బిల్లు అడగండి. దాని మీది మీటరు నంబరు, మీ గోడ మీది మీటరు నంబరు ఒకటేనా చూడండి.

పారిజాతం | జూన్ 14, రాత్రి 8:30

నేను ఇల్లు అద్దెకు ఇచ్చే మనిషిని. హబ్సిగూడలో పైన రెండు సింగిల్ బెడ్‌రూమ్‌లు ఉన్నాయి, రెండూ నిండే ఉన్నాయి కాబట్టి ఇది ప్రకటన కాదు.

నీళ్ల గురించి అడగండి. జలమండలి నీరు రోజు విడిచి రోజు వస్తుందా, సంపు ఎంత పెద్దది, ఎండాకాలంలో బోరు ఎండుతుందా, ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది? నెలకు 20,000 లీటర్ల వరకు ఉచిత నీటి పథకం 2021 నుంచి ఉంది. అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు లెక్కన వర్తిస్తుంది, కాని మీటరు పనిచేస్తూ ఉండాలి, ఓనరు ఆధార్ అనుసంధానం చేయించి ఉండాలి. చేయించని ఇళ్లలో ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి మీ మీద పడుతుంది.

ఇక అడ్వాన్సు. మా వీధుల్లో రెండు నెలలది తీసుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారు. నేనూ పట్టుకుంటాను. అందరూ తిడతారని తెలుసు. కిందటిసారి ఖాళీ చేసిన దంపతులు వంటింటి గోడకు ఏకంగా జిడ్డుతో బొమ్మ గీసి వెళ్లారు.

గోదారి గట్టు | జూన్ 15, ఉదయం 7:10

పారిజాతం గారూ, మీరు నిజం చెప్పే ఓనరు కాబట్టి అడుగుతున్నాను. ఒంటరి అమ్మాయి అంటే ఎందుకు వెనకాడతారు? నిన్న సాయంత్రం ఫోన్లో ఒకావిడ "మీవారు ఏం చేస్తారు?" అని అడిగారు. పెళ్లి కాలేదన్నాను. "ఇల్లు నిన్ననే ఇచ్చేశామమ్మా" అన్నారు. ఇప్పుడు ఉదయపు నడకకు అటే వెళ్లాను. టులెట్ బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది.

పారిజాతం | జూన్ 15, ఉదయం 9:00

భయం అమ్మా. ఎవరైనా వస్తే ఇరుగుపొరుగు నన్ను అడుగుతారు, నిన్ను అడగరు. అది నీ తప్పు కాదు, కాని భయం మాత్రం అబద్ధం కాదు. నేను ఇప్పుడు ఇద్దరు ఒంటరి అమ్మాయిలకే ఇచ్చాను. మొదట ఒప్పుకోలేదు. ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది, ఆవిడ నాతో గంటసేపు ఆవకాయ కారం గురించి మాట్లాడింది, అక్కడితో నా మొండితనం కరిగింది. మీ అమ్మ వచ్చే వారంలోనే ఇళ్లు చూడటానికి వెళ్లు.

లష్కర్ కుర్రాడు | జూన్ 15, ఉదయం 9:25

అమ్మ వస్తే పెళ్లి ప్రశ్న పోతుంది. "మీ ఇంటిపేరు ఏమిటి?" అన్న ప్రశ్న పోదు. ఇంటిపేరు అడిగేది ఉత్తరాలు పంపడానికి కాదని అందరికీ తెలుసు. ఒకచోట నాకు ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, అడ్వాన్సుకు ఫోన్ తీశాను. అప్పుడు ఇంటిపేరు అడిగారు. చెప్పాను. రెండు నిమిషాల మౌనం తరువాత "మా అబ్బాయిని ఒక మాట అడిగి చెబుతాం" అన్నారు. ఆ అబ్బాయి రెండేళ్లుగా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

వేపచెట్టు నీడ | జూన్ 15, ఉదయం 10:50

నాయనా, మా తరం వాళ్లు చేసిన పని ఇది. నేను కూడా ఒకప్పుడు అడిగినవాణ్ణే. మా ఆవిడ ఒకరోజు "వాళ్లు అద్దె ఇస్తారు, మనకు పిల్లనివ్వరు" అంది. ఆ తరువాత అడగలేదు.

బెంగళూరు బాటసారి | జూన్ 15, మధ్యాహ్నం 12:30

రెండు నెలల అడ్వాన్సుకే ఇంత చర్చా! మా దగ్గర పది నెలల అద్దె ఇచ్చి ఇల్లు తీసుకున్న రోజులు చూశాను. ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది, ఐదారు నెలలు అడుగుతున్నారు. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసాలకు రెండు నెలలకు మించి తీసుకోరాదని ఉంది. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలు, మా ఓనరుకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

గోదారి గట్టు | జూన్ 22, రాత్రి 9:15

వారంలో నాలుగు ఇళ్లు చూశాను. అమ్మ గురువారం వచ్చింది.

మొదటిది ఇంటర్నెట్‌లో కనిపించింది. నిలువెత్తు కిటికీలు, తెల్లటి గోడలు, అద్దె 9,500. ఫోన్ చేస్తే తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ మీద జమ్మూ వెళ్లానని అన్నాడు. యూనిఫాంలో ఫొటో, గుర్తింపు కార్డు పంపాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇల్లు చూడాలంటే గేటు పాసుకు 2,500 కట్టాలట, చూడగానే తిరిగి వస్తాయట. క్యూఆర్ కోడ్ పంపాడు. నేను దాదాపు కట్టేసేదాన్నే. "ఇల్లు చూడటానికి టిక్కెట్టు ఏమిటే, ఏమైనా సర్కస్సా?" అని అమ్మ ఫోన్ లాక్కుంది.

రెండోది తార్నాకలో, ఐదో అంతస్తు. లిఫ్టు మోటారు గది సరిగ్గా పడకగది పైన. ఎవరు ఎక్కినా దిగినా గోడలో ఏనుగు ఆవులించినట్టు ఉంటుంది.

మూడోది హబ్సిగూడ లోపలి వీధి. 12,500. తూర్పు గుమ్మం, వంటింట్లో గట్టు అమ్మకు నచ్చింది. ఆదివారం పదకొండు గంటలకు చూశాం. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. దాదాపు ఒప్పేసుకున్నాం.

నాలుగోది మాట్లాడుకోవడానికి పనికిరాదు. బాత్రూములోకి వంటింటి గుండా వెళ్లాలి.

మూడోది ఖాయం చేసుకోమంటారా?

వేపచెట్టు నీడ | జూన్ 22, రాత్రి 9:50

ఆగు. ఆదివారం పదకొండు గంటలకు కోఠి కూడా ప్రశాంతంగానే ఉంటుంది. నువ్వు పనిచేసే వేళకు ఆ ఇంట్లో కూర్చున్నావా? ఓనరును అడిగి రాత్రి పదింటికి వెళ్లు. ఫ్యాను ఆపు, ఫోన్ పక్కన పెట్టు, పడకగదిలో నేల మీద పది నిమిషాలు కూర్చో. మళ్లీ ఒకరోజు తెల్లవారుజామున ఆ వీధిలో నిలబడు, ఇంట్లోకి వెళ్లనక్కరలేదు. పాల వ్యాన్ ఎక్కడ ఆగుతుంది, సంపు మోటారు ఎన్నింటికి వేస్తారు, పక్కింటి కుక్క ఎవరిని చూసి మొరుగుతుంది, అన్నీ తెలుస్తాయి.

అటూ ఇటూ ఉన్న ఇళ్లు కూడా చూడు. పాత ఒంటి అంతస్తు బంగళా, గేటుకు తాళం, ముంగిట్లో మామిడిచెట్టు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది రేపో మాపో డెవలప్‌మెంటుకు వెళ్తుంది. ఏడాదిన్నర పాటు రాయి కొట్టే మెషీను, అర్ధరాత్రి కంకర లారీలు.

లష్కర్ కుర్రాడు | జూన్ 22, రాత్రి 10:05

వీధి మొదట్లో సిమెంటు గద్దె కనిపిస్తే అది ఎందుకో అడగండి. వినాయక మండపం చోటైతే తొమ్మిది రోజులు మీరు కొవ్వూరు వెళ్లి రావచ్చు. నేనైతే ఆ గద్దె పక్కనే ఇల్లు తీసుకుంటాను, అది వేరే సంగతి.

ఆ సైనికుడు నాకూ తగిలాడు, అప్పుడు అతనికి విశాఖ బదిలీ. అందరూ గుర్తుపెట్టుకోండి, డబ్బు అందుకోవడానికి మన పిన్ నొక్కనక్కరలేదు. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టామంటే మన డబ్బు వెళ్తున్నట్టే. పోగొట్టుకున్నవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ దొరకదు.

గోదారి గట్టు | జూన్ 26, ఉదయం 6:30

వేపచెట్టు బాబాయ్ గారూ, మీకు రుణపడి ఉన్నాను. నిన్న రాత్రి పదింటికి వెళ్లాం. మెట్ల మీద ఉండగానే వినిపించింది. వెనక వీధిలో ఫంక్షన్ హాలు ఉందట. పగలు గోడ తప్ప ఏమీ కనిపించదు. పడకగదిలో నేల మీద కూర్చుంటే కింద నుంచి డప్పు దెబ్బ వెన్నులోకి వస్తోంది. కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది, అమ్మ వేలు పెట్టి చూసింది. ఓనరు ముఖం చిన్నబుచ్చుకుని "ముహూర్తాలున్నప్పుడే అమ్మా, ఏడాదంతా ఉండదు" అన్నాడు. పదిన్నరకు బాణసంచా.

కాగితాల కట్ట | జూన్ 26, ఉదయం 8:45

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు నిషిద్ధమని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. అయినా ఫిర్యాదు చేయడానికని ఇల్లు అద్దెకు తీసుకోరు కదా. వదిలేయండి.

ఇల్లు కుదిరినప్పటి కోసం కాగితాల సంగతి కూడా చెబుతాను. అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి. అందులో ఐదు విషయాలైనా మాటల్లో కాక అక్షరాల్లో ఉండాలి: అడ్వాన్సు ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, పెయింటింగుకు ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది. దిగే రోజున గోడలు, కుళాయిలు, కిటికీ అద్దాలు వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజున అదే మీ సాక్షి.

పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు తీసుకునేవారైతే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. నెలకు 12,500 అయితే ఏడాదికి లక్షన్నర. పాన్ ఇస్తారా లేదా అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి. కొత్త విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు, అడగడం అనవసరం.

పారిజాతం | జూన్ 26, ఉదయం 9:30

పాన్ అడగగానే అద్దె వెయ్యి పెంచే ఓనర్లున్నారు. నేను కాదు.

గోదారి గట్టు | జూలై 27, మధ్యాహ్నం 3:00

కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇల్లు దొరికింది.

తార్నాకలో క్యాంపస్ వైపు వీధి, రెండో అంతస్తు, వెనక ఫ్లాటు. 13,500 అన్నారు, ఆషాఢం పుణ్యమా అని మెయింటెనెన్సుతో కలిపి 12,500కు వచ్చింది. లష్కర్ తమ్ముడూ, నీ మాట నిజమైంది. మీటరు నంబరు బిల్లుతో సరిపోయింది. ఓనరు పాన్ ఇచ్చారు. అటూ ఇటూ ఉన్నవి అపార్ట్‌మెంట్లే, పడగొట్టేవి ఏమీ లేవు. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి విన్నాను. రెండోసారి వెళ్లినప్పుడు వాచ్‌మన్ దొంగ అనుకుని టార్చి వేశాడు. సంగతి చెబితే నవ్వి, "మోటారు ఐదున్నరకు వేస్తానమ్మా, మీ వైపు కాదు" అని సంపు చూపించాడు.

ఆషాఢంలో దిగడానికి అమ్మ ససేమిరా అంది. సామాను పెట్టుకోమంది, పడుకోమంది, పాలు మాత్రం పొంగించనివ్వలేదు. "శ్రావణం వచ్చేదాకా అది ఇల్లు కాదు, సామాను గది" అని తీర్పు చెప్పింది. మూడు వారాలు సామాను గదిలో ఉండి ఉద్యోగం చేశాను. మొన్న శుక్రవారం అమ్మ కొత్త గిన్నెతో వచ్చి పాలు పొంగించాక ఇల్లయింది.

నిశ్శబ్దం పూర్తిగా ఉందని చెప్పను. బాల్కనీ గట్టు మీద పావురాలున్నాయి. పై ఫ్లాటులో ఎవరో ఉదయం ఏడున్నరకు కుక్కరు పెడతారు, సరిగ్గా నాలుగు కూతలు. ఐదో కూత రాకపోయేసరికి నేను నా ఇడ్లీ పిండి బయటకు తీస్తాను.

రెండో షిఫ్టు | జూలై 27, సాయంత్రం 4:20

గోదారి గట్టు గారూ, అభినందనలు. ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడే సభ్యుడినయ్యాను. నాది రాత్రి డ్యూటీ. సాయంత్రం ఆరింటికి వెళ్లి ఉదయం నాలుగుకు వస్తాను, పగలంతా నిద్ర. ఇప్పుడున్న ఇంటి పక్కనే బడి, ప్రార్థన నుంచి చివరి గంట వరకు నాకు పాఠాలన్నీ వచ్చేశాయి. మీరు వదిలేసిన హబ్సిగూడ ఇల్లు, ఆ ఫంక్షన్ హాలు వెనకది, పగలు నిజంగా అంత నిశ్శబ్దమేనా?

గోదారి గట్టు | జూలై 27, సాయంత్రం 4:45

ఆదివారం పగలు మాత్రమే చూశాను. మామూలు రోజు మధ్యాహ్నం మీరొకసారి వెళ్లి నేల మీద కూర్చోండి. నిన్న అటుగా వెళ్తే బోర్డు ఇంకా ఉంది, ఆయన ఇప్పుడు 11,500కు కూడా ఇస్తారనుకుంటాను. నంబరు మీకు విడిగా పంపాను. బాత్రూము కుళాయి కారుతోంది, దిగకముందే మార్పించమనండి.